డిటెక్టరు కూసిన తరువాత

(శ్రీకాకుళంలో, పాత నాణేల మీద ఆసక్తి ఉన్నవారి సమావేశంలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలు మన్నించాలి, లాంఛనాలు తగ్గించుకుంటాను. ముందు వరుసలో కూర్చున్న కుర్రవాళ్ల చూపు నా ముఖం మీద లేదు. ఈ బల్ల మీదున్న యంత్రం మీద ఉంది. వాళ్లను ఇంకా ఊరించడం న్యాయం కాదు.

ఇది మెటల్ డిటెక్టరు, నేలలో లోహం తగిలితే కూసే యంత్రం. పొడవాటి కర్ర, కింద పళ్లెం లాంటి తీగచుట్ట, పైన చిన్న తెర, చెవులకు హెడ్‌ఫోన్లు. ఇప్పుడు ఆన్‌లైన్లో ఆర్డరు పెడితే ఇంటికే వచ్చేస్తున్నాయి. ఒకప్పుడు మన పల్లెల్లో నిధి ఎక్కడుందో తెలుసుకోవడానికి అంజనం వేసేవారు. తమలపాకు మీద కాటుక రాసి, ఒక చిన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టి చూడమనేవారు. వాడికి లంకెబిందెలు కనిపించాయా సరే, కనిపించకపోతే తప్పు పిల్లవాడి నక్షత్రానిది. (నవ్వులు) అంజనం పోయి బ్యాటరీ వచ్చింది. ఆశ మాత్రం మారలేదు. ఈ యంత్రం కొన్నవాళ్లలో చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న, "మాస్టారూ, ఎంత లోతు పట్టుకుంటుంది?" కూసిన తరువాత ఏమి చేయాలని అడిగినవాళ్లు తక్కువ. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను. నాణెం కథలో సగం నాణెం మీద ఉంటుంది, మిగతా సగం అది పడి ఉన్న చోటులో ఉంటుంది. ఆ రెండో సగాన్ని ఒక్క గునపం పోటుతో పోగొట్టవచ్చు.

ముందు యంత్రం సంగతి. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఒకడు తుపాకితో కాల్చాడు. గుండు ఒంట్లో ఎక్కడ ఆగిందో వైద్యులకు అంతుపట్టలేదు. టెలిఫోను తయారుచేసిన గ్రాహంబెల్ తీగచుట్టలతో ఒక పరికరం చేసి తీసుకువెళ్లాడు. యుద్ధంలో గుండ్లు తగిలి అవి ఒంట్లోనే మిగిలిపోయిన మాజీ సైనికుల మీద పరీక్షిస్తే చక్కగా పనిచేసింది. అధ్యక్షుడి మంచం దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ పెట్టినా చప్పుడే! పరుపులో ఉక్కు స్ప్రింగులు ఉన్నాయి. దానికి తోడు పెద్ద వైద్యుడు గుండు కుడివైపే ఉందని పట్టుబట్టి, రెండో వైపు వెతకనివ్వలేదు. అది ఎడమవైపు ఉంది. సెప్టెంబరులో అధ్యక్షుడు చనిపోయాడు. ఇనుప మేకుల చెప్పులు వేసుకుని, నడుముకు పెద్ద బకిల్ బెల్టు పెట్టుకుని, జేబులో ఫోను, తాళాలగుత్తి వేసుకుని పొలంలోకి దిగి "ఊరంతా నిధే సార్" అని నాకు ఫోను చేసేవాళ్లను చూస్తే ఆ పరుపే గుర్తుకొస్తుంది.

ఇందులో జరిగేది ఇంతే. ఒక తీగచుట్ట సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. కింద లోహం ఉంటే దానిలో సుడిలా తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. అవి తమ సొంత క్షేత్రాన్ని తిరిగి పైకి పంపుతాయి. రెండో చుట్ట దాన్ని అందుకుంటుంది. వెండి, రాగి లాంటి మంచి వాహకాలలో ఆ ప్రవాహం కాసేపు నిలుస్తుంది, పలుచని రేకులో చప్పున చచ్చిపోతుంది. గుడిగంట మోతకూ రేకు డబ్బా మోతకూ ఉన్న తేడా లాంటిదే ఇది. ఆ ఆలస్యాన్ని కొలిచి యంత్రం తెర మీద ఒక అంకె చూపుతుంది. అది లోహం పేరు చెప్పదు, అంకె మాత్రమే చెబుతుంది. ఈ ముక్క బాగా గుర్తుంచుకోండి. పెద్ద ఇనుప రేకు ఒక్కొక్కసారి వెండి రూపాయిలా పలుకుతుంది. చిన్న బంగారు ముక్క గుట్కా ప్యాకెట్టు లోపలి రేకులా పలుకుతుంది.

లోతు సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఒంటరి నాణెం అయితే మామూలు యంత్రానికి జానెడు, మహా అయితే ఇంకొంచెం. బిందెడు లోహం అయితే మరికాస్త లోతున కూడా అందుతుంది. ముప్పై అడుగుల లోతున, అర కిలోమీటరు దూరాన ఉన్న బంగారాన్ని చూపిస్తామని చెప్పి రెండు యాంటెన్నా పుల్లలున్న పిడిని లక్షలకు అమ్ముతున్నారు. ఇలాంటి పుల్ల పెద్ద పెద్ద ప్రభుత్వాలనే ముంచింది. ఏడీఈ 651 పేరుతో బ్రిటన్‌కు చెందిన జేమ్స్ మెకార్మిక్ ఇరాక్‌కు బాంబు డిటెక్టర్లు అమ్మాడు. లోపల ఏమీ లేదు. దాని పూర్వరూపం గోల్ఫ్ బంతులు వెతకడానికని అమ్మిన ఆటబొమ్మ. 2013లో అతనికి పదేళ్ల జైలు పడింది. ఈలోపు దాన్ని నమ్మి నిలబడిన తనిఖీ కేంద్రాల గుండా బాంబులు వెళ్లిపోయాయి. మనం నమ్మితే పోయేది పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు.

మన నేల కూడా ఈ యంత్రానికి అంత సులువుగా లొంగదు. చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు గనుల ప్రాంతం. అక్కడి ఎర్రమట్టిలో ఇనుము పాలు ఎక్కువ. మన తీరం వెంట ఇసుకలో నల్లచారలు చూసే ఉంటారు. ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు అవి. దాని మీద ఉప్పునీటి తడి కూడా విద్యుత్తును పంపుతుంది. అందుకే ఇంటి పెరట్లో బుద్ధిగా ఉన్న యంత్రం కళింగపట్నం ఒడ్డున పూనకం వచ్చినట్టు అరుస్తుంది. గ్రౌండ్ బ్యాలెన్స్ అనే మీట అందుకే ఉంది. ఖాళీ నేల మీద పళ్లాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ, నేల గొణుగుడు ఆగేవరకు సరిచేసుకోవాలి. ఈ పని చేయకుండా యంత్రాన్ని తిట్టడం మానండి.

సరే, మన పొలాల్లో ఎక్కువగా కూసేవి ఏమిటి? ఎద్దుల లాడాలు, లాడం మేకులు, విరిగిన నాగలి కర్రు, బండి చక్రం పట్టా ముక్కలు, సీసా మూతలు, మాత్రల స్ట్రిప్పులు. చెత్త అని విసిరికొట్టకండి. లాడాలు ఒకే వరుసలో దొరుకుతున్నాయంటే ఆ వరుసలో ఒకప్పుడు బండిబాట ఉండి ఉండవచ్చు. బాట ఉన్నచోట సంత, సంత ఉన్నచోట చిల్లర. నాణెం వెతికేవాడు ముందు ఇనుమును చదవాలి.

ఇక నాణేలు. దొరికేవాటిలో సింహభాగం ఇటీవలివే. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కానీ ఇక్కడున్న పెద్దలకు తెలుసు. మొలతాడుకు కట్టుకుని తిరిగినవాళ్లు కూడా ఉంటారు. అణాకు నాలుగు కానీలు, రూపాయికి పదహారు అణాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి ఆ లెక్క చెరిపేశాయి. దానికి వెనక్కి వెళితే 1835 నాటి కంపెనీ పావు అణా, 1840 నుంచి విక్టోరియా రాణి రూపాయి. తేదీ ఇంగ్లీషు అంకెల్లో ఉంటుంది కాబట్టి చదవడం కష్టం కాదు.

ఇదిగో, నా చేతిలో ఉన్నది మా నాయనమ్మ ట్రంకు పెట్టెలోది. దగ్గరికి వచ్చి చూడండి, వేలితో మాత్రం రుద్దవద్దు. రాగి. ఒకవైపు సింహాలు పట్టుకున్న ఈస్టిండియా కంపెనీ చిహ్నం. రెండోవైపు హృదయాకారంలో కంపెనీ సరుకు మూటల మీద వేసే గుర్తు, నాణెం మీద ఇంగ్లీషులో "రూపాయికి 48" అన్న అర్థం వచ్చే మాటలు, 1794 తేదీ. అంచు చూడండి, ఎంత గుండ్రంగా ఉందో. మన టంకశాలల్లో సుత్తితో కొట్టిన డబ్బులు ఇలా ఉండవు. ఒకటి వంకర, ఒకటి దళసరి, సగం అక్షరాలు నాణెం బయటే ఉండిపోతాయి. ఇది బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బోల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద అచ్చయి, ఓడెక్కి మనకోసం వచ్చింది. మనకోసం అంటే ఉత్తర సర్కారులు అనే ఈ తీరప్రాంతం కోసం. మన చికాకోలు (శ్రీకాకుళం) సర్కారు కూడా అందులోదే. ఇవి 1794, 1797 తేదీలతో కనిపిస్తాయి.

ఆ 1794లోనే జూలై 10న పద్మనాభం యుద్ధం జరిగింది. పేష్కషు, అంటే కంపెనీకి కట్టవలసిన కప్పం, బకాయి పేరుతో కంపెనీ సేన వచ్చింది. విజయనగరం రాజు చిన విజయరామరాజు అక్కడే నేలకొరిగాడు. ఎవరి డబ్బు కోసం గొడవో, ఆ డబ్బు రూపురేఖలు కూడా అదే ఏడు మారాయన్నమాట. ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. పద్మనాభం పరిసరాల్లో ఒక సీసపు తుపాకిగుండు దొరికింది. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టారు. అది ఏమి చెబుతుంది? ఏమీ చెప్పదు. అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ అనే యుద్ధభూమి ఉంది. 1876లో అక్కడ అమెరికా సైన్యాధికారి కస్టర్ సేనను స్థానిక తెగలు ఓడించాయి. 1983లో కార్చిచ్చు వచ్చి గడ్డి కాలిపోయింది. పురాతత్వవేత్తలు డిటెక్టర్లు తెలిసిన ఔత్సాహికులను పిలిచి, వరుసలుగా నడిపించి, కూసిన చోటల్లా ఒక చిన్న జెండా గుచ్చించారు. ప్రతి తూటానూ, కాల్చాక మిగిలిన ప్రతి తొడుగునూ ఎక్కడ ఉన్నదో కొలిచి, పటం మీద గుర్తుపెట్టి, ఆ తరువాతే తీశారు. తొడుగుల మీద తుపాకి సుత్తి పడిన గుర్తును బట్టి ఒకే తుపాకి ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో కూడా తెలుసుకున్నారు. ఎవరు నిలబడ్డారు, ఎవరు పరుగెత్తారు అన్నది పుస్తకాల్లో ఒకలా ఉంది, నేల ఇంకోలా చెప్పింది. పద్మనాభానికీ, బొబ్బిలికీ అలాంటి పని జరగాలని నా కోరిక. అప్పటిదాకా అక్కడి గుండ్లు అక్కడే ఉండనివ్వండి.

ఇంకో సంగతి చెబితే చట్టం దగ్గరికి వస్తాను. 1992 నవంబరులో ఇంగ్లండులో హాక్సన్ (Hoxne) అనే పల్లె. ఒక రైతు పొలంలో సుత్తి పారేసుకున్నాడు. స్నేహితుడు ఎరిక్ లాస్ డిటెక్టరుతో వెతకడానికి వెళ్లాడు. యంత్రం కూసింది. తవ్వితే వెండి చెంచాలు, బంగారు నాణేలు! కొంత తీశాడు. ఇంకా చాలా ఉందని అర్థం కాగానే చేయి ఆపి కబురు పంపాడు. మర్నాడు పురాతత్వవేత్తలు వచ్చి మట్టిని గడ్డలు గడ్డలుగా కోసి తీశారు. సుమారు పదిహేను వేల రోమన్ నాణేలు ఉన్నాయి. అవి ఒక చెక్కపెట్టెలో ఉండేవని, పెట్టె లోపల ఏ వస్తువు పక్కన ఏది సర్దారో కూడా తేలింది. చెక్క ఎప్పుడో చీకిపోయింది, మేకులూ బందులూ ఉన్న తీరును బట్టి చెప్పగలిగారు. లాస్ గారు ఆ సాయంత్రం తట్టతో మొత్తం ఎత్తేసి ఉంటే మనకు నాణేలు మిగిలేవి, పెట్టె మిగిలేది కాదు. ఆయనకు పదిహేడున్నర లక్షల పౌండ్లు దక్కాయి, రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. (నవ్వులు)

ఇక మన చట్టం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమలులోనే ఉంది. నేలలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏమి దొరికింది, విలువ ఎంత ఉండవచ్చు, ఎక్కడ, ఏ తేదీన. వస్తువును ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి, లేదా పూచీ ఇవ్వాలి. 1878లో పది రూపాయలంటే పది వెండి రూపాయలు. ఇప్పుడు పదిరూపాయలకు సగం కప్పు టీ. కాబట్టి నా నాణెం విలువ అంత ఉండదులే అని తప్పించుకోవడం కుదరదు. కలెక్టరు ప్రకటన ఇస్తారు. నాలుగు నెలల తరువాత, ఆరు నెలల లోపల విచారణ. ఆ వస్తువుకు యజమాని ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. చెప్పకుండా దాస్తే వాటా పోతుంది, ఏడాది వరకు జైలు కూడా పడవచ్చు. చెరువు పూడిక తీసే ఉపాధి కూలీలకు బిందె దొరికినా ఇదే చట్టం.

ఒక తమ్ముడు చీటీ పంపాడు. చదువుతాను. "అప్పగిస్తే ప్రభుత్వం తీసేసుకుంటుంది కదా, మాకేమి లాభం?" మంచి ప్రశ్న, సూటిగా అడిగాడు. ప్రభుత్వం తనకు కావాలనుకుంటే లోహం ధర, దానిమీద ఐదోవంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చునని చట్టంలో ఉంది. బంగారం అయితే పరవాలేదు. రాగి నాణెం అయితే? రాగి ధర ఎంత? బ్రిటన్‌లో మార్కెట్టు ధర కట్టి ఇస్తారు. అందుకే అక్కడి జనం పరుగెత్తుకెళ్లి చెబుతారు. 1997 నుంచి నడుస్తున్న వాళ్ల నమోదు పథకంలో పది లక్షలకు పైగా వస్తువులు ఎక్కాయి. మన చట్టం ఈ విషయంలో పిసినారిదని నేను బాహాటంగానే అంటాను, మార్చమని అడగవలసిందే. కానీ తమ్ముడూ, నీ ముందున్న రెండోదారి ఏమిటి? కరిగించేవాడు నీకు ఇచ్చేది కూడా లోహం ధరే, తరుగు తీసేసి మరీ ఇస్తాడు. పైగా పోలీసులు వస్తే వాడి పేరు నువ్వు చెప్పాలి, నీ పేరు వాడు చెబుతాడు.

ఎక్కడ అసలు అడుగు పెట్టకూడదో కూడా చెప్పాలి. శాలిహుండం, ముఖలింగం, దంతపురం, రామతీర్థం కొండలు. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. కేంద్ర రక్షణలో ఉన్నవాటి చుట్టూ వంద మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన రెండువందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. వంద సంవత్సరాలు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. దాన్ని విదేశీయుడికి పోస్టులో పంపడం కుదరదు. చట్టం సంగతి అలా ఉంచండి. ముఖలింగం తూర్పు గంగ రాజుల కళింగనగరమని అంటారు కదా, ఆ రాజుల పణం అనే చిన్న బంగారు నాణెం ఎలా ఉంటుందో తెలుసా? అడ్డంగా సెంటీమీటరు ఉంటే గొప్ప. బరువు అర గ్రాము లోపే. ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు ఏలుబడి సంవత్సరం సూచించే అంకె. మీరు కొన్న యంత్రానికి అది చాక్లెట్ రేకుకంటే గట్టిగా వినిపించదు. గునపంతో వెళ్లేవాడు దాన్ని పట్టుకోలేడు. మట్టిని జల్లెడ పట్టేవాడికే అది దొరుకుతుంది.

శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన చేతిలో ఏ యంత్రం ఉంది? ముఖలింగం గోడల మీది శాసనాలు తనంతట తాను చదవడం నేర్చుకున్న మనిషి. కళ్లే పెట్టుబడి.

మోసాల గురించి ఒక్క నిమిషం. రైస్ పుల్లింగ్ నాణెం అని, బియ్యపు గింజలను లాగుతుందని, కోట్లకు కొంటారని ఎవరైనా వస్తే టీ ఇచ్చి పంపేయండి, డబ్బు ఇవ్వకండి. అయస్కాంతానికి అంటుకునే నాణెం కావాలంటే మీ జేబులోనే ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి అంటుకుంటుంది. నదుల్లో పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి చిల్లర లాగేది అందుకే. పాత రాగీ వెండీ అంటుకోవు. అలాగే పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కమిషను కట్టండి అనే ఫోన్లు. రిజర్వుబ్యాంకుకు ఇలాంటి వాటితో ఏ సంబంధమూ లేదని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటించింది.

ఇంక పని పద్ధతి. పొలం యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి. కూసినచోట ముందు పుల్ల గుచ్చండి, ఫోనులో ఫొటో తీయండి, అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. చిన్న తాపీతో మట్టిని పక్కనుంచి తీయండి, నేరుగా పైనుంచి పొడిస్తే రాణిగారి ముఖం మీద గాటు పడుతుంది. ఎంత లోతున ఉందో, పక్కన పెంకులున్నాయా, బూడిద ఉందా చూడండి. దున్నిన పైమట్టిలో ఒక్క కానీ దొరకడం వేరు, దున్నని పొరలో పెంకుల మధ్య నాణేలు దొరకడం వేరు. రెండోదైతే అక్కడితో చేయి తీసేయండి, గొయ్యి మీద గుడ్డ కప్పి కబురు చేయండి. ఇంటికి తెచ్చి చింతపండు పెట్టి తోమేవాళ్లున్నారు. అమ్మ ఇత్తడి చెంబు తోమినట్టు తళతళలాడించి, ఎంత బాగుందో చూడండి మాస్టారూ అని ఫొటో పెడతారు. ఆ పచ్చని పొరే నాణేనికి చర్మం. దానితో పాటు అక్షరాలూ పోతాయి. శుద్ధజలంలో నానబెట్టి మెత్తని కుంచెతో మట్టి మాత్రం వదిలించండి. పచ్చగా పొడి రాలుతుంటే అది రోగం, పొడిగా విడిగా ఉంచి తెలిసినవాళ్లకు చూపించండి.

ఏ యంత్రం కొనాలని ఇంకో చీటీ. ఖరీదైనది వద్దు. గ్రౌండ్ బ్యాలెన్స్ చేతితో సరిచేసుకునే వీలుండాలి, చుట్ట తడిసినా పాడవకూడదు, అంతే. మిగిలిన డబ్బుతో మంచి తాపీ, నోటుపుస్తకం కొనండి.

బయట వేపచెట్టు పక్కన ఆవరణలో పొద్దున్నే కొన్ని వస్తువులు పాతిపెట్టించాను. ఒక చిల్లు కానీ, ఒక విక్టోరియా రూపాయి, ఒక లాడం, ఒక సీసా మూత, చాక్లెట్ రేకు. ఐదుగురు చొప్పున రండి. ముందు ఇక్కడే చెప్పులు, బెల్టులు, ఉంగరాలు, ఫోన్లు తీసి బల్ల మీద పెట్టండి. అంకె చూసి అదేమిటో చెప్పాలి, తవ్వకుండా. ఎవరైనా గునపం తెచ్చారా? తెచ్చినవాళ్లు దాన్ని వాచ్‌మన్ దగ్గర వదిలి రండి.